వాకిట నిలిచిన అర్జీ

ఉత్తరకాండమున శ్రీరాముడు లక్ష్మణునకు చెప్పిన కథ యొకటి కలదు. నృగుడను మహారాజు గొప్ప దాత. లెక్కకు మించిన గోవులను దానము చేసినవాడు. ఒకానొక పేద బ్రాహ్మణుని ఆవు రాజుగారి మందలో కలిసిపోయి, ఇతర గోవులతోపాటు వేరొక బ్రాహ్మణునకు దానముగ పోయెను. సొంతదారు ఊరూర తిరిగి తన ఆవును కనుగొనెను. ఆవు తనదని ఆయన, రాజు తనకిచ్చెనని ఈయన వాదులాడుకొని, తీర్పుకొరకు ఇరువురును రాజద్వారమునకు వచ్చిరి. దినములు గడచెను, రాత్రులు గడచెను, రాజదర్శనము లభింపలేదు. తుదకు వారు విసిగి, కార్యార్థులకు కనబడని ఈ రాజు ఎవరికిని కనబడని తొండయై గోతిలో పడియుండవలెనని శపించి, ముసలిదై చిక్కిపోయిన ఆ ఆవును మరియొకనికిచ్చి వెడలిపోయిరి.

భాగవతమునందును నృగుని కథ వచ్చును గాని, అచ్చట రాజు దోషము వేరు. ఒకరి సొమ్ము మరియొకరికి దానము చేయుట. రామాయణము ఎంచిన దోషము ఆలస్యము. ఆవు ఎవరిదో ఆ కథ తేల్చలేదు. రాజు అన్యాయపు తీర్పు చెప్పెననియు అందు లేదు. తీర్పుకొరకు వచ్చినవారిని వాకిట నిలిపియుంచుటయే ఆయన చేసిన పాపము. పిల్లలకు ఈ కథ చెప్పు ఉపాధ్యాయులు చివరనున్న ఆ ముసలి ఆవును మరువరాదు. ఎదురుచూచువాని కాలము మాత్రమే కాదు, దేనికొరకు ఎదురుచూచుచున్నాడో ఆ వస్తువును ఆ నిరీక్షణలోనే క్షీణించుచుండును.

కర్నూలు, కడప సీమలలో నేడు అట్టి వాకిళ్లు కలవు. వాని యెదుట నిలిచినవారు ఆవును అడుగుటలేదు. తమ కాలు నడువదనియు, తమ చెవి వినదనియు, తమ బిడ్డకు బుద్ధి వికసింపలేదనియు ఒప్పుకొని, దానికి తగిన పింఛను ఇమ్మని అడుగుచున్నారు. ఒకమారు కాదన్న అధికారి నిర్ణయమును మరల చూడుడని అప్పీలు చేయుచున్నారు. ఆ అప్పీలునకు సమాధానము ఎన్నడు వచ్చునో వారికి తెలియదు. ఈ తెలియకుండుటయే ఇచ్చట విచారింపదగిన విషయము.

ముందుగ ఆ పింఛను సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో నెలకు 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెరిగెను. మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమై, పరుల సాయము లేనిదే దినము గడవనివారికి నెలకు 15,000 రూపాయలు నిర్ణయింపబడెను. నెల మొదట సచివాలయ ఉద్యోగి ఇంటికే వచ్చి సొమ్ము చేతికిచ్చుచున్నాడు. కేంద్ర ప్రభుత్వము 2009లో ప్రారంభించిన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకము క్రింద, 80 శాతము వైకల్యమున్న నిరుపేదకు కేంద్రము వంతుగ వచ్చునది నెలకు 300 రూపాయలు. దానితో పోల్చినచో రాష్ట్రము ఇచ్చునది ఉదారమైన మొత్తమే. ఈ మాట ఒప్పుకొనక తప్పదు. నృగుడును ఉదారుడే యను సంగతి కూడ ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ పింఛనునకు మూలము వైకల్య ధ్రువపత్రము. దానిని ఇచ్చు ఏర్పాటునకు సదరమని పేరు. గ్రామ సచివాలయములోనో మీసేవ కేంద్రములోనో 'స్లాటు' అని జనులు పిలుచు తేదీని తీసికొని, ఆనాడు చెప్పిన ఆసుపత్రికి పోవలెను. ఎముకల వైద్యుడో, కంటి వైద్యుడో, చెవి వైద్యుడో, మానసిక వైద్యుడో పరీక్షించి వైకల్యము ఇన్ని పాళ్లని శాతములలో తేల్చును. 40 శాతమునకు తక్కువైనచో పింఛను లేదు. ముప్పదితొమ్మిదికిని నలుబదికిని నడుమ శరీరమునందు భేదమెంతయో వైద్యులకే తెలియవలెను గాని, బ్రతుకునందలి భేదము నెలకు ఆరు వేల రూపాయలు.

ఈ నలుబది అంకె చట్టమునుండి వచ్చినది. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తించెను. దాని స్థానమున వచ్చి, 2017 ఏప్రిల్ 19నుండి అమలులోనున్న 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములను గుర్తించుచున్నది. నలుబది శాతమునకు తక్కువ కానివారిని విశేష సదుపాయములకు అర్హులుగ అది ఎంచుచున్నది. వారికి సామాజిక భద్రత కల్పింపవలెననియు, ఆ సహాయము ఇతరులకిచ్చు అట్టి సహాయముకన్న కనీసము నాలుగవ వంతు హెచ్చుగ ఉండవలెననియు 24వ సెక్షను చెప్పుచున్నది. అధికమైన ఆసరా కావలసినవారికి సేవచేయు మనుష్యుని నిమిత్తము భత్యమును గూర్చియు ఆ సెక్షనులోనే కలదు.

ధ్రువపత్రపు నిర్ణయముతో తృప్తి చెందనివారు అప్పీలు చేసికొనవచ్చునని అదే చట్టపు 59వ సెక్షను. కాని ఆ సెక్షనును శ్రద్ధగ చదివినవారికి ఒక వింత కనబడును. బాధితుడు ఎంత కాలములో అప్పీలు చేయవలెనో రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయింపవలెనని అది చెప్పుచున్నది. అప్పీలును ఏ రీతిగ తీర్మానింపవలెనో కూడ రాష్ట్రమే నిర్ణయింపవలెనని చెప్పుచున్నది. ఎన్ని దినములలో తీర్మానింపవలెనో మాత్రము ఆ సెక్షను పలుకలేదు. అర్జీదారునకు గడియారము కలదు; అధికారికి లేదు.

మొదటి ధ్రువపత్రము విషయమున కాలనియమము లేకపోలేదు. 2017 నాటి కేంద్ర నియమములు, దరఖాస్తు అందిన నెలలోగా ధ్రువపత్రము ఇవ్వవలెననెను. 2024లో ఆ నెలను మూడు నెలలుగ సవరించిరి. గడువు దాటుచున్నప్పుడు పని వేగము పెంచుట యొక మార్గము. గడువునే పెంచుట మరియొక మార్గము. రెండవది సులభమైనది. పాఠశాలలో పిల్లవాడు లెక్క సకాలమున చేయలేనిచో గంటను వెనుకకు త్రిప్పు ఉపాధ్యాయుడు ఎచ్చటను కనబడడు.

ఇక 2025 సంగతి. దొంగ ధ్రువపత్రములతో పింఛను పొందుచున్నవారు ఉన్నారని చెప్పి, రాష్ట్ర ప్రభుత్వము ఆ యేటి ఆరంభమునుండి వికలాంగుల పింఛనులను పునఃపరిశీలింప మొదలిడెను. మంచముపై నున్నవారి ఇండ్లకు వైద్య బృందములే పోయెను. తక్కినవారిని ఆసుపత్రులకు పిలిచిరి. ఆగస్టు నాటికి నలుబది శాతమునకు తక్కువయని తేలినవారికి రాష్ట్రమంతటను నోటీసులు వచ్చెను. వారిలో అలజడి పుట్టెను. మండల పరిషత్తు అభివృద్ధి అధికారి వద్దనో, పురపాలక కమిషనరు వద్దనో అప్పీలు చేసికొని మరల పరీక్షకు పోవచ్చునని ప్రభుత్వము చెప్పెను. అప్పీలు చేసికొన్నవారికి సెప్టెంబరు పింఛను ఆపబోమనియు ప్రకటించెను. ఈ చివరి ప్రకటన మెచ్చుకొనదగినది. అది ఒక నెల దయగ మిగులక, శాశ్వతమైన నియమముగ మారవలెననుటయే ఈ వ్యాసపు సారాంశము.

వాస్తవమేమో తెలియుటకు ఒక పల్లెను తలచుకొనుడు. అది కర్నూలు జిల్లా పడమటి కొసన, కోసిగి చెంతనున్నదనుకొనుడు. వానలు తప్పిన యేట ఆ పల్లెలో సగము ఇండ్లకు తాళములు పడును. జనులు మిరపకోతలకు గుంటూరు వైపునకును, మట్టిపనులకు బెంగుళూరునకును పోవుదురు. పోలేనివారు ముసలివారు, రోగులు, వికలాంగులు, వారిని చూచుకొను స్త్రీలు. అట్టి యింట ఇరువదియేండ్ల కుమారుడు, పుట్టుకనుండి కాళ్లు సత్తువలేనివాడు. తల్లి వలసపోక నిలిచినది వానికొరకే. ఆ యింటికి నెలనెల వచ్చు నిలకడయైన రాబడి వాని పింఛను ఒక్కటే. అనగా లోకము నిష్ప్రయోజకుడని తలచు ఆ కుమారుడే ఆ సంసారమును పోషించుచున్నాడు.

వానికి ముప్పదియెనిమిది శాతమని నోటీసు వచ్చినదనుకొనుడు. తల్లి దానిని చదువలేదు. బడి పంతులు గారితో చదివించుకొనును. అప్పీలు పత్రము వ్రాయించి మండల కార్యాలయమున ఇచ్చును. పరీక్ష తేదీకొరకు ఎదురుచూచును. తేదీ వచ్చిన పిమ్మట, ఆదోనిలో కాదు, కర్నూలు పెద్దాసుపత్రికే రమ్మన్నచో, సుమారు నూరు కిలోమీటర్ల దూరము. 2025 ఆగస్టు 15నుండి రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సు ఉచితము. తల్లికి టిక్కెట్టు లేదు, సరే. కాని బస్సు మెట్లు ఎక్కలేని కుమారుని ఎవరెత్తవలెను? ఆటోనో జీపునో బాడుగకు తీసికొనవలెను. ఆ బాడుగకు అప్పు చేయవలెను. ఆ అప్పు తీర్చవలసినది ఏ పింఛనుతోనో, ఆ పింఛనే తగవులో నున్నది.

ఆసుపత్రిలో ఆనాడు వైద్యుడు సెలవులో నున్నను, యంత్రము చెడిపోయినను, కంప్యూటరు పనిచేయకున్నను, మరల రమ్మందురు. ఇందులో ఎవరి ద్వేషమును లేదు. ఒక వైద్యుడు రోగులను చూచుకొనుచు, శస్త్రచికిత్సలు చేయుచు, విద్యార్థులకు పాఠములు చెప్పుచు, వారమున ఏ ఒకటి రెండు దినములో ఈ శిబిరమునకు కేటాయింపవలసి యుండును. ఆయన నిందార్హుడు కాడు. కాని ఎవరును నిందార్హులు కానిచోట బాధ మాత్రము ఒకరికే ముట్టుట న్యాయమా యన్నదే ప్రశ్న.

ఆరు వేల రూపాయలను ముప్పది దినములకు పంచినచో దినమునకు రెండు వందలు. పింఛను ఆపివేసి, అప్పీలు ఆరు నెలలు సాగినదనుకొన్నచో, ఆ యిల్లు పోగొట్టుకొనునది ముప్పదియారు వేలు. మంచముపై నున్నవానికి ఆ లెక్క దినమునకు ఐదు వందలు, ఆరు నెలలకు తొంబది వేలు. చివరకు అప్పీలు గెలిచి బకాయి యంతయు ఒక్కమారే వచ్చినను, నడుమ ఆగిన మందులు వెనుకటి తేదీతో మ్రింగుటకు వీలుకాదు. ఆరు నెలలు తినని అన్నము ఏడవ నెలలో తినుటకు వీలుకాదు. వడ్డీకి తెచ్చిన అప్పునకు ప్రభుత్వము వడ్డీ కట్టదు. మరి అర్జీదారు ఆ నడుమ మరణించినచో, అప్పీలు ఫలితము దస్త్రములో నిలిచియుండుటకే పనికివచ్చును.

కరవు సీమ వారికి ఇట్టి పరీక్షలు క్రొత్తవి కావు. 1876-78 నాటి ధాత కరువున దొరతనము కరువు పనులను పెట్టి, వచ్చినవారు నిజముగ ఆకలిగొన్నవారా కాదా యని తెలిసికొనుటకు కొన్ని పరీక్షలను పెట్టెను. వానిలో దూర పరీక్ష యొకటి. ఇంటికి దూరమున పని చూపినచో నిజమైన ఆకలి గలవాడే వచ్చును, లేనివాడు రాడని దాని తర్కము. వినుటకు ఆ తర్కము ఇంపుగనే యుండును. అందరికన్న మిక్కిలి ఆకలిగొన్నవాడు అంత దూరము నడువలేడను చిన్న సంగతియే అందు మరుగున పడినది. 1871 జనాభా లెక్కలకును 1881 లెక్కలకును నడుమ కర్నూలు జిల్లా ప్రజలలో ఇంచుమించు నాలుగవ వంతు తరిగిపోయిరి.

ఈనాటి శిబిరములు ఆనాటి కరువు పనులు కావు. నేటి ప్రభుత్వము ఆనాటి దొరతనమును కాదు. అట్లు పోల్చుట అన్యాయము. కాని వైకల్యము నిజమా కాదా తేల్చుటకు వికలాంగుడే నూరు కిలోమీటర్లు పోవలెననునపుడు, ఎంత వైకల్యము హెచ్చైన అంత ప్రయాణము కష్టమగునను పాత పొరపాటే మరల వచ్చుచున్నది. దానికి భిన్నమైన సంప్రదాయము కూడ ఈ సీమకు కలదు. 1866 కరువున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గంజికేంద్రములు పెట్టి వేలమందికి అన్నము పెట్టెను. గంజి పోయువాడు ముందు పోసి తరువాత విచారించును గాని, విచారణ ముగియువరకు ముంత పట్టుకొని నిలువుమనడు.

అదియొక దాత ధర్మము, ప్రభుత్వమునకు లెక్కలుండవలెనని కొందరు అనవచ్చును. నిజమే. ఖజానా ప్రజల సొమ్ము. దొంగ ధ్రువపత్రముతో పింఛను తీసికొనువాడు నిజమైన వికలాంగుని కంచములోని అన్నమును తీయుచున్నాడు. వానిని పట్టుకొనుట ప్రభుత్వము యొక్క అధికారమే కాదు, విధియు. వైకల్య సదుపాయములను మోసముతో పొందినవానికి రెండేండ్లవరకు జైలుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని 2016 చట్టపు 91వ సెక్షనే చెప్పుచున్నది. ఆ ధ్రువపత్రమును అమ్మిన దళారిని, సంతకము చేసిన చేతిని వెదకి శిక్షించినచో ఎవరును అడ్డుచెప్పరు.

కాని పునఃపరిశీలన యందు రెండు విధముల పొరపాటు జరుగవచ్చును. అనర్హునకు కొన్ని నెలలు పింఛను పోవుట యొకటి. అర్హునకు కొన్ని నెలలు పింఛను ఆగుట రెండవది. మొదటిదానివలన ఖజానాకు నష్టము. ఖజానా ఆ నష్టమును ఓర్చుకొనగలదు, పిదప రాబట్టుకొనను గలదు. రెండవదానివలన నష్టపడునది ఒక కుటుంబము. అది ఓర్చుకొనలేదు, పిదప రాబట్టుకొననును లేదు. సందేహమున్నంత కాలము ఆ సందేహపు భారమును మోయవలసినవాడు ఎవడు? మోయగలవాడే. ఇంతకన్న సూక్ష్మమైన ధర్మశాస్త్రము ఇందు అక్కరలేదు.

ఈ ప్రశ్న ఇతర దేశముల న్యాయస్థానములకును ఎదురయ్యెను. అమెరికా సుప్రీంకోర్టు 1970లో గోల్డ్‌బర్గ్, కెల్లీల వ్యాజ్యమున, పేదలకిచ్చు సహాయమును ముందు విచారణ జరుపక ఆపరాదని తీర్పు చెప్పెను. ఆరేండ్లు గడవక మునుపే, 1976లో, జార్జి ఎల్‌డ్రిజ్ అను వికలాంగుని వ్యాజ్యమున అదే న్యాయస్థానము వేరు దారి త్రొక్కెను. వైకల్య భృతిని ముందు ఆపి, విచారణ తరువాత జరుపవచ్చుననెను. ఆపుటకును తుది తీర్పునకును నడుమ సంవత్సరము దాటుచున్నదని ఎరిగియు అట్లనెను. దానితో విభేదించిన న్యాయమూర్తి బ్రెన్నన్ ఒక్క సంగతిని ఎత్తిచూపెను. భృతి ఆగిన ఫలితముగ ఎల్‌డ్రిజ్ ఇల్లు జప్తు అయినది, సామానులు తీసికొనిపోబడినవి, ఆయనయు, భార్యయు, పిల్లలును ఒకే మంచముపై పండుకొనవలసి వచ్చినది. ఆనాటి అధిక సంఖ్యాకుల తీర్పును న్యాయవిద్యార్థులు నేటికిని చదువుచున్నారు. ఆ ఒక్క మంచమును గూడ వారు చదువవలెను.

భారతదేశమున 1982లో నకారా వ్యాజ్యమునందు సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయాభిక్ష కాదని చెప్పెను. అది ప్రభుత్వోద్యోగుల పింఛనును గూర్చిన తీర్పు; వికలాంగుల పింఛనునకు నేరుగ వర్తింపదు. అయినను రాజ్యాంగపు 41వ అధికరణము వృద్ధాప్యము, వ్యాధి, అంగవైకల్యము కలిగినప్పుడు రాజ్యము తన ఆర్థిక శక్తికి లోబడి సహాయము చేయవలెనని ఆదేశించుచున్నది. 2007లో భారతదేశము ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ధ్రువీకరించినది. చట్టమే దానిని హక్కుల చట్టమని పిలిచినది. హక్కని పేరు పెట్టి, దానిని అడుగవచ్చినవానిని భిక్షకునివలె నిలువబెట్టుట పేరునకును తీరునకును పొసగదు.

కాలనియమము పెట్టుట అసాధ్యమని కార్యాలయములు అనవచ్చును. అసాధ్యము కాదని 2005 నాటి సమాచార హక్కు చట్టమే సాక్ష్యము. ముప్పది దినములలో సమాచారమివ్వవలెను. మొదటి అప్పీలును ముప్పది దినములలో, కారణము వ్రాసి మరి పదునైదు దినములు హెచ్చుగ తీసికొనినను నలుబదియైదు దినములలో, తీర్మానింపవలెను. సకారణము లేక ఆలస్యము చేసిన అధికారికి సమాచార కమిషను దినమునకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండ, జరిమానా విధింపవచ్చును. ఒక కాగితపు నకలుకొరకు అడిగినవానికి ఇంత రక్షణ యిచ్చిన చట్టవ్యవస్థ, అన్నముకొరకు అడిగినవానికి అందులో సగమైన ఇవ్వలేదా?

కావున చేయవలసినవి కొన్ని స్పష్టముగనే యున్నవి. మొదటిది, అప్పీలు సకాలమున వేసినవానికి తుది నిర్ణయము వచ్చువరకు పింఛను ఆపరాదు. ఈ మాట ప్రకటనగ కాక ఉత్తరువుగ ఉండవలెను. రెండవది, అప్పీలును ఇన్ని దినములలో, అరువదియనుకొనుడు, తీర్మానింపవలెనని రాష్ట్రము నియమము చేయవలెను. గడువు దాటినచో అర్జీదారు పక్షముననే తాత్కాలిక నిర్ణయము నిలువవలెను. మూడవది, మంచముపై నున్నవారి ఇంటికి 2025లో వైద్యులు పోగలిగిరి గదా. అట్లే అప్పీలు పరీక్షకు నెలకొకమారు ఆలూరు, పత్తికొండ, బద్వేలు, జమ్మలమడుగు వంటి చోట్లకు వైద్య బృందమే పోవలెను. దత్తమండలములకు కలెక్టరుగ వచ్చిన మన్రో, రెండు వందల యేండ్లక్రితము, గుడారములలో నివసించుచు గ్రామగ్రామమునకు పోయి రైతుల లెక్కలు చూచెను. ఈనాడు తారురోడ్లును వాహనములును ఉండగ అది కష్టము కారాదు.

నాలుగవది, నిర్ణయమునకు కారణము తెలుగులో వ్రాసి యివ్వవలెను. ముప్పదియెనిమిదని అంకె వేసినంత మాత్రమున చాలదు. ఏ పరీక్ష చేసిరో, గత ధ్రువపత్రముతో ఎందుకు భేదించిరో చెప్పినగాని అప్పీలులో ఏమి వాదింపవలెనో అర్జీదారునకు తెలియదు. ఐదవది, తెగిన కాలు మరల మొలవదు; అట్టి శాశ్వత వైకల్యము గలవారిని మాటిమాటికి పరీక్షకు పిలువరాదు. ఆరవది, ప్రతి సచివాలయపు గోడమీద ఆ నెలకు ఎన్ని అప్పీలులు మిగిలియున్నవో, వానిలో అన్నిటికన్న పాతది ఎన్నాళ్లదో వ్రాసి అంటింపవలెను. సగటు లెక్కలు కార్యాలయమునకు ఊరట. పాతదాని వయస్సు మాత్రమే సత్యము. నృగుని వాకిట నిలిచినవారు ఇరువురే. సగటు తీసినచో ఆ రాజు గొప్ప ప్రభువుగనే కనబడెడివాడు.

ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఇందు పని కలదు. పల్లెలో నోటీసును చదివిపెట్టువాడు నేటికిని బడి పంతులే. అప్పీలు గడువు ముప్పది దినములైనచో ఇరువదితొమ్మిదవనాడు కాక మూడవనాడే అది మండల కార్యాలయమునకు చేరునట్లు చూచుట, అందినట్లు రశీదు తీసికొనుమని చెప్పుట, పాత ధ్రువపత్రమును ఆసుపత్రి చీటీలను జతచేయించుట చిన్న పనులే. కాని ఆ చిన్న పనులు లేకనే పెద్ద హక్కులు నీరుగారుచున్నవి. తరగతిలోని వికలాంగ బాలునకు పరీక్షలో హెచ్చు సమయము కావలెనన్నను, విద్యార్థి వేతనము కావలెనన్నను, రేపు ఉన్నత విద్యలో ఐదు శాతము, ఉద్యోగములలో నాలుగు శాతము కేటాయింపు పొందవలెనన్నను ఈ ధ్రువపత్రమే మొదటి మెట్టు. దానిని తల్లిదండ్రులకు గుర్తుచేయవలసినవారును ఉపాధ్యాయులే. కళాశాల విద్యార్థులు సెలవులలో తమ యూరి అర్జీలను వరుసగ ఒక పుస్తకములో వ్రాసి, ఏది ఎన్నాళ్లనుండి మిగిలియున్నదో లెక్కకట్టి జిల్లా కలెక్టరునకు సోమవారపు అర్జీల దినమున సమర్పింపవచ్చును. సాంఘిక శాస్త్రమునకు అంతకన్న మంచి అభ్యాసము పాఠ్యపుస్తకములలో దొరకదు.

మహాభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును చూడవచ్చి కుశలప్రశ్నలు వేయును. కోశమెట్లున్నది, సేన యెట్లున్నదని అడిగినవాడే, గ్రుడ్డివారిని, మూగవారిని, కుంటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె కాచుచున్నావా యనియు అడుగును. కౌటిల్యుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. కార్యార్థులను వాకిట కాచుకొని యుండనీయరాదని రాజునకు చెప్పి, తొందరయైన కార్యమును వెంటనే వినవలెననియు, వాయిదా వేసినది పిదప కష్టసాధ్యమో అసాధ్యమో యగుననియు హెచ్చరించెను. అర్థశాస్త్రము దయను బోధించు గ్రంథము కాదు. రాజ్యము నిలుచుటకు ఏమి కావలెనో చెప్పు గ్రంథము. దయ తెలియని శాస్త్రమే వాకిలి తెరువుమని చెప్పినప్పుడు, సంక్షేమమే తన ధర్మమని చెప్పుకొను ప్రభుత్వము ఆ మాట వినకుండుటకు హేతువు కనబడదు.

కోసిగి వైపు పల్లెలో ఆ తల్లి అప్పీలు కాగితమును మడిచి ఇనుప పెట్టెలో దాచియుండును. దానిమీద అందినట్లు ముద్ర యున్నది, తేదీ యున్నది. సమాధానము వచ్చు తేదీ మాత్రము లేదు. ఆ ఖాళీలో ఒక అంకె వ్రాయుటకు క్రొత్త ఖజానా అక్కరలేదు, క్రొత్త ఆసుపత్రి అక్కరలేదు. ఒక నియమము చాలును. అంతవరకును ఆమె ఇంటి ఖర్చును ఏ దినమునకు ఆ దినము రెండు వందల లోటుతో లెక్కించుకొనుచు, వాకిటనే నిలిచియుండును.